పన్నెండు–పదమూడు

రెండో రోజు.
సీతారాంపురం వెనకబడింది. ఇంకా చీకటుండగానే
ఎక్కడం మొదలెట్టాం.
ముందు చెంచురామయ్య: ఓ కర్ర, టైరు చెప్పులు,
భుజాన తువ్వాలులో కట్టిన సద్దన్నం. అంతే.
వెనక మేం ముగ్గురం,
ఇల్లు ఖాళీ చేసి పోతున్నవాళ్ళలా.

వెలిగొండ దూరం నుంచి నీలం.
ఆ నీలం ఎక్కడ రాలిపోయిందో గానీ
కాలికింద బొరుగురాళ్ళు, బలుసు ముళ్ళు,
గొంతు దాకా ఎండిన గడ్డి.
నిన్న బస్సులో కండక్టరు
మా సంచుల్నీ మమ్మల్నీ ఎగాదిగా చూసి
"ఆడేముండాదని పోతుండారు?" అన్నాడు.
ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.
టిక్కెట్టు మాత్రం తీసుకున్నాం.

ఉదయగిరి ఆసుపత్రిలో
పొద్దున లేస్తే జనం రక్తం తీసే నాగరత్నం,
ముల్లు గీరి మోచెయ్యి ఎర్రబడితే
"చిన్న శాంపిలే" అని తుడుచుకుంది.
జిలానీ నవ్వాడు.
కావలిలో బండ్లు బాగుచేసే జిలానీ
తెల్లవారుజాము నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు,
కార్బొరేటర్ల గురించి, కడుపునొప్పి గురించి,
వాళ్ళ వీధిలో అరవడం మానేసిన కుక్క గురించి.

పది గంటలకి మాట ఆగింది.
కొండ మీద మనిషి మౌనంలోకి వెళ్తే
ముందు చూడాల్సింది మోకాలు.

ఎర్రచందనం చెట్టు కింద,
నీడ అనడానికి మొహమాటపడే నీడలో,
నాగరత్నం అడక్కుండానే అతని సంచి విప్పింది.
కిలో బెల్లం.
రెండు దుప్పట్లు, ఎండాకాలంలో.
భార్య కట్టిచ్చిన చింతకాయ పచ్చడి, స్టీలు డబ్బాలో.
అన్నిటికీ అడుగున, నూనె గుడ్డలో చుట్టిన
పన్నెండు–పదమూడు స్పానర్.

"ఇదెందుకు జిలానీ?"
"ఏమో అబ్బయా. అది లేకుంటే
చెయ్యి ఎవరిదో అనిపిస్తాది."

పచ్చడి చెంచురామయ్య తీసుకున్నాడు,
తగ్గే బరువు అదొక్కటేనని.
మధ్యాహ్నానికి మాట నిలబెట్టుకున్నాడు.
బెల్లం, దుప్పట్లు నాగరత్నానికి.
స్పానర్ నాకు.
నా సంచి ఎవరూ విప్పలేదు.
మోకాళ్ళు బాగున్నవాడి బరువు వాడిదే.

దొన దగ్గరికి చేరేసరికి నీళ్ళు జానెడు.
మీద ఆకులు, కింద తోకకప్పలు.
చెంచురామయ్య తువ్వాలు కొసతో వడగట్టి తాగేశాడు.
మేం మాత్రలు వేసి
గడియారం చూస్తూ అరగంట కూచున్నాం.
ఆ అరగంటలో ఆయన ఓ కునుకు తీసి
లేచి, మాకోసం ఆగాడు.

ఎక్కేటప్పుడు గుండె లెక్క, దిగేటప్పుడు మోకాలి లెక్క.
జిలానీ రాయి రాయికీ కూచుని
పసిపిల్లవాడు అరుగు దిగినట్టు దిగాడు.
"నన్నీడ్నే వదిలేసి పోండబ్బా."
"పోతాం. బెల్లం మాత్రం మాదే."
అడుగడుక్కీ స్పానర్ నా వెన్నులో పొడుస్తోంది.
ఒకటి రెండుసార్లు లోయలోకి చూశాను కూడా,
ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం చదునుబండ మీద బస.
పొయ్యి స్టాండు వదులై గిన్నె ఒరిగింది.
జిలానీ చెయ్యి చాచాడు, అంతే.
పొద్దుట్నుంచి మొదటిసారి
అతని కళ్ళు నొప్పిని మర్చిపోయాయి.
గుడ్డ విప్పి ఇచ్చాను.
పన్నెండు పెట్టాడు, పట్టలేదు.
తిప్పి పదమూడు పెట్టాడు, పట్టలేదు.
"పదిది," అన్నాడు మెల్లగా,
చాలా సేపు ఆ నట్టునే చూస్తూ.

చెంచురామయ్య మూడు రాళ్ళు తెచ్చి పెట్టాడు.
అన్నం ఉడికింది.
అడుగంటిన వాసనకి కూడా ఎవరూ వంక పెట్టలేదు.

తూర్పున, ఎక్కడో కింద, నాలుగు దీపాలు.
ఉదయగిరి అని నాగరత్నం, కాదని చెంచురామయ్య.
జిలానీ అప్పుడే గురక.
స్పానర్ వాడి తలాపున పెట్టబోతే
సగం నిద్రలో అన్నాడు:
"నీ దగ్గరే ఉండనీ."

అర్ధరాత్రి పక్కకి తిరిగాను.
వెన్నులో అది పొడిచిన చోటు
ఏదో మర్చిపోయినట్టుంది.
సంచిలో చెయ్యి పెట్టి తడిమాను.
ఉంది.
చల్లగా.